నాలుగుసార్లు ఫెయిలైనా ఐదోసారి బ్యాట్ అతని చేతికే: మురకామి ఫామ్ కథ

2023 మార్చి 20 రాత్రి. అమెరికాలోని మయామిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ సెమీఫైనల్ జరుగుతోంది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జపాన్ 4-5తో మెక్సికో కంటే వెనకబడి ఉంది. ఇద్దరు జపాన్ రన్నర్లు బేస్‌ల మీద నిలబడ్డారు. బ్యాటింగ్‌కు వచ్చింది 23 ఏళ్ల మునెతక మురకామి. ఆ రోజు అతను అప్పటికే నాలుగుసార్లు విఫలమయ్యాడు. అందులో మూడుసార్లు స్ట్రయిక్ అవుట్.

ఇతను మామూలు ఆటగాడేం కాదు. అంతకుముందు ఏడాది యాకుల్ట్ స్వాలోస్ టీమ్ తరఫున 56 హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్ అంటే మన క్రికెట్ సిక్సర్ లాంటిది, బంతి నేరుగా ఫెన్స్ దాటాలి. జపాన్‌లో పుట్టిన ఆటగాళ్లలో సదహరు ఓ 1964లో నెలకొల్పిన 55 రికార్డు అలా బద్దలైంది.

అయితే ఆ రికార్డు దగ్గరే అతనికి అసలు పరేషాన్ మొదలైంది. సెప్టెంబర్ 13న 55వది కొట్టేశాడు. ఇక ఒక్కటి చాలు అనుకుంటే, 20 రోజులు బంతి ఫెన్స్ దాటలేదు. దేశమంతా ప్రతి బంతినీ లెక్కపెడుతోంది. చివరికి అక్టోబర్ 3న, సీజన్‌లో తన ఆఖరి బ్యాటింగ్ ఛాన్స్‌లో 56వది కొట్టాడు.

ఇంత పెద్ద హిట్టర్‌కు ఇలా ఎందుకవుతుంది? బేస్‌బాల్‌లో పదిసార్లలో మూడుసార్లు హిట్ కొడితే గొప్ప బ్యాటర్ అంటారు. అంటే ఏడుసార్లు ఫెయిలవడం మామూలే. ఆ ఏడూ వరసగా వచ్చాయంటే చాలు, ఫామ్ పోయిందని గోల మొదలవుతుంది. పిచ్చర్ గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వేసే బంతి అర సెకను కూడా కాకముందే బ్యాటర్‌ను చేరుతుంది. కొట్టాలా వదిలేయాలా అని ఆలోచిస్తూ కూర్చునే టైమే ఉండదు, ఒంటికి అలవాటైన కదలికే పని చేయాలి. ఒత్తిడిలో ఉన్నవాడు ఆ కదలిక మీదే అనుమానం పెంచుకుంటాడు. ఎలాగైనా కొట్టాలని వదిలేయాల్సిన బంతికి కూడా బ్యాట్ ఊపుతాడు. దాంతో ఇంకా దిగజారతాడు.

కోచ్ హిడెకి కురియామ ఆ టోర్నీలో మురకామిని నాలుగో స్థానం నుంచి ఐదుకు దించాడు గానీ టీమ్‌లోంచి తీయలేదు. ఆ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బంట్ ఆడించొచ్చు కూడా. బంట్ అంటే బంతిని మెల్లగా కింద పడేసి, తాను అవుటైనా రన్నర్లను ముందుకు పంపడం. మురకామికి కూడా ఆ ఆలోచన వచ్చిందట. కానీ కురియామ నుంచి వచ్చిన కబురు ఒక్కటే: నీకే వదిలేస్తున్నా, కొట్టు. ఇక్కడ కురియామ ధైర్యం కూడా తక్కువదేం కాదు. మ్యాచ్ పోయుంటే మర్నాడు తిట్లు తినేది ఆయనే.

మురకామి కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్ గోడకు తగిలింది. ఇద్దరు రన్నర్లూ వచ్చేశారు, జపాన్ 6-5తో గెలిచింది. మర్నాడు అమెరికాతో ఫైనల్. రెండో ఇన్నింగ్స్‌లోనే మురకామి హోమ్ రన్ కొట్టాడు, జపాన్ 3-2తో కప్పు గెలిచింది.

ఆ తర్వాత మొదలైన 2023 సీజన్‌లో మాత్రం అతని సగటు .318 నుంచి .256కి పడిపోయింది. హోమ్ రన్లు 31.