కొండ ఊరికి మకాం మార్చే ముందు

కామారెడ్డి జిల్లాలోని గాంధారి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి, తండాల నుంచి ఊరు విడిచి వెళ్లడం కొత్త సంగతి కాదు. కూలి కోసం గల్ఫ్‌కు పోయారు, కొలువు కోసం హైదరాబాదుకు పోయారు, పిల్లల చదువు కోసం కామారెడ్డిలో కిరాయి ఇళ్లలో దిగారు. ఇప్పుడు మరో ఆలోచన మొదలైంది. రిటైరైనవాళ్లు, ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునే వీలున్నవాళ్లు కొండల నడుమ చల్లగా ఉండే, మరీ పెద్దది కాని ఊరికి వెళ్లిపోదామా అనుకుంటున్నారు. అలాంటి ఊరు తెలుగు నేల మీదే ఉంది. రాయలసీమలోని మదనపల్లెకు నూరేళ్లకు పైగా జనం తరలివస్తూనే ఉన్నారు. వాళ్లెందుకు వచ్చారో, వచ్చినవాళ్లను ఏది నిలబెట్టిందో తెలుసుకుంటే మన నిర్ణయం తేలికవుతుంది.

మొదటి కారణం ఎత్తు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున ప్రతి 1,000 మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఆ లెక్కన దిగువనున్న తిరుపతి కంటే ఇక్కడ సుమారు మూడున్నర డిగ్రీల తేడా ఉండాలి. సముద్రానికి దూరం కాబట్టి తీరప్రాంతపు ఉక్కపోత కూడా ఉండదు. మదనపల్లె కడప జిల్లాలో ఉన్న రోజుల్లో, 1870 ప్రాంతంలో, ఆ జిల్లా కలెక్టరు హార్సిలీ దగ్గర్లోని ఏనుగు మల్లమ్మ కొండను తన వేసవి విడిదిగా ఎంచుకున్నాడు. 1,200 మీటర్లు దాటిన ఆ కొండనే ఇప్పుడు హార్సిలీ హిల్స్ అంటున్నాం.

అయితే ఎత్తు ఒక్కటే వాతావరణాన్ని నిర్ణయించదు. హైదరాబాదు కూడా 540 మీటర్ల ఎత్తున ఉంది, అయినా మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. మదనపల్లె మరింత ఎత్తున, మరింత దక్షిణాన ఉంది. వాయవ్యం నుంచి వచ్చే వడగాలుల తాకిడి అక్కడ తక్కువ. అలాగని అది 2,200 మీటర్ల ఎత్తున్న ఊటీ కాదు. ఎండాకాలం పగలు అక్కడా ఫ్యాను కావలసిందే.

చల్లని, పొడి గాలి కోసం తరలివచ్చినవారిలో అందరికంటే అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లు క్షయ రోగులు. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుగొన్నారు. అంతవరకూ క్షయకు విశ్రాంతి, మంచి తిండి, శుభ్రమైన గాలి తప్ప పెద్ద వైద్యం లేదు. అనేక క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానటోరియం కట్టాయి. అది 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించి, దేశంలో క్షయ వైద్యానికి, పరిశోధనకు పేరున్న కేంద్రంగా తీర్చిదిద్దాడు.

అదే 1915లో అనిబిసెంట్ చొరవతో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడ బస చేసి 'జనగణమన'ను ఇంగ్లిషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాట బాణీకి స్వరలిపి కట్టారు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి కూడా ఈ ఊరి చేరువలోనే ఉంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. గాలి కోసం వచ్చినవాళ్ల వల్ల ఆసుపత్రి నిలబడింది. ఆ తరంలోనే కాలేజీ, బడి వచ్చాయి. ఇక ఊరికి బతుకుదెరువు ఇచ్చినవి టమాటా మార్కెట్టు, నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాలు. ఇక్కడి టమాటా ధర దేశమంతా వార్త అవుతుంది. చల్లదనం మనిషిని రప్పిస్తుంది కానీ, నిలబెట్టేది ఆసుపత్రి, బడి, సంత, పని. ఇవి చిన్న పల్లెలో దొరకవు. మహానగరంలో దొరికినా రోజులో సగం రోడ్డు మీదే కరిగిపోతుంది. మధ్యరకం పట్టణానికి ఉన్న అసలు బలం ఇదే.

లోటు కూడా చెప్పాలి. ఆ లోటు నీళ్లు. ఈ ప్రాంతం వర్షచ్ఛాయలో ఉంది, ఏడాది పొడవునా పారే నది లేదు. బోర్లు లోతుకు పోతున్నాయి, హంద్రీ-నీవా కాలువ మీద ఆశలు పెట్టుకున్నారు. రైలు స్టేషను ఊళ్లో లేదు, కొన్ని కిలోమీటర్ల అవతల సీటీఎం అనే ఊరి దగ్గర ఉంది. పెద్ద జబ్బు చేస్తే తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో పరుగెత్తాలి.

ఈ కొలతలతోనే మన కామారెడ్డినీ చూడండి. అక్కడ కొండ చల్లదనం లేదు, నిజమే. కానీ 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, రైలు ఊళ్లోకే వస్తుంది, డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. 2016లో జిల్లా కేంద్రమైంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. గాంధారి నుంచి వెళ్లినవాళ్లకు సొంత మనుషులు, సొంత యాస, పండుగకు పొద్దున బయలుదేరి చేరగల ఊరు ఉంటాయి. అయితే 2025 ఆగస్టు చివర కురిసిన కుండపోత వానకు కామారెడ్డి కాలనీలు మునిగాయి, రోడ్లు, రైలు కట్ట దెబ్బతిన్నాయి. చెరువు శిఖంలోనో, వాగు దారిలోనో ఇల్లు కడితే ఏ ఊరైనా కాపాడలేదు.

అందుకే వెళ్లదలచిన ఊరిని సెలవుల్లో కాదు, మే నెల మధ్యాహ్నంలో, ముసురు పట్టిన వారంలో చూడండి. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో, బోరు ఎంత లోతుకు పడిందో ఇరుగుపొరుగును అడగండి. రాత్రిపూట గుండెనొప్పి వస్తే ఎక్కడికి తీసుకుపోతారో కనుక్కోండి. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల మాట ముందు వినండి. ఉన్న పొలం, ఇల్లు అమ్ముకోకుండా ఒక ఏడాది కిరాయికి ఉండండి. ఆ ఏడాదిలో నీళ్లకు, వైద్యానికి, బడికి, పనికి ఇబ్బంది లేదని తేలితే ధైర్యంగా వెళ్లండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఎంత చల్లని గాలి వీచినా ఆ ఊరిని చూసి రావడానికే పెట్టుకోండి.