మంత్రి జీతం ఎన్ని పద్దుల్లో ఉంటుంది?

మంత్రుల జీతం మన దేశంలో రహస్యం కాదు. కేంద్ర మంత్రుల జీతభత్యాలను పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయించాలని రాజ్యాంగంలోని 75వ అధికరణం, రాష్ట్ర మంత్రులవి శాసనసభ చట్టం ద్వారా నిర్ణయించాలని 164వ అధికరణం చెబుతున్నాయి. కాబట్టి జీతం తాలూకు బిల్లు సభ ముందుకు రావాలి, దానిమీద చర్చ జరగాలి (ఎంతసేపు జరుగుతుందన్నది వేరే సంగతి), ఆ తరువాత అది గెజిట్‌కు ఎక్కాలి. కేంద్రంలో 1952 నాటి మంత్రుల జీతభత్యాల చట్టం ఈ పని చేస్తోంది. తెలుగునాట, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే వచ్చిన జీతాల చెల్లింపు, అనర్హతల తొలగింపు చట్టం ఎన్నో సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. విభజన తరువాత తెలంగాణ కూడా దాన్నే తన చట్టంగా స్వీకరించింది. ఇంత ఏర్పాటు ఉన్నా, ఫలానా మంత్రి మీద ఖజానా ఏడాదికి మొత్తం ఎంత ఖర్చు పెట్టిందో ఒకే చోట, ఒకే అంకెగా ప్రచురించాల్సిన బాధ్యతను ఏ చట్టమూ ఏ శాఖ మీదా పెట్టలేదు. సమస్య జీతం దాచడంలో లేదు, లెక్క చెదిరిపోయి ఉండటంలో ఉంది.

కేంద్ర చట్టాన్నే చూస్తే, మంత్రికి పార్లమెంటు సభ్యుడితో సమానమైన జీతం, దినభత్యం ఇవ్వాలని, మంత్రిగా జీతం తీసుకునేవారు సభ్యుడిగా మళ్లీ మరో జీతం తీసుకోరాదని అందులో ఉంది. 2018 ఏప్రిల్ నుంచి ఎంపీ జీతం నెలకు లక్ష రూపాయలైంది. అప్పుడే, ధరల పెరుగుదలను కొలిచే సూచీని బట్టి ఐదేళ్లకోసారి ఈ మొత్తం దానంతటదే పెరిగేలా నిబంధన కూడా చేర్చారు. ఆ ప్రకారం 2025 మార్చిలో వెలువడిన ఒక నోటిఫికేషన్ జీతాన్ని 1,24,000 రూపాయలకు, దినభత్యాన్ని 2,000 నుంచి 2,500కు పెంచి, ఆ పెంపును 2023 ఏప్రిల్ నుంచే వర్తింపజేసింది. తమ జీతాలు తామే పెంచుకుంటున్నారన్న అపవాదు తప్పించడానికి ఇది మంచి ఉపాయమే కానీ, పెంపు పెంపుకూ సభలో బిల్లు పెట్టాల్సిన అగత్యం దీనితో తొలగిపోయింది, జనం ఆ విషయం గమనించే సందర్భమూ తగ్గిపోయింది.

జీతం పక్కన ఆతిథ్య భత్యం ఉంటుంది. ఇంటికి, కార్యాలయానికి వచ్చే అతిథుల మర్యాదల కోసం ఇచ్చే ఈ మొత్తం ప్రధానికి నెలకు 3,000, కేబినెట్ మంత్రికి 2,000, సహాయ మంత్రికి 1,000, ఉపమంత్రికి 600 రూపాయలుగా చట్టంలో ఉంది. కరోనా కాలంలో, 2020లో, ఈ భత్యంలో ఏడాదిపాటు 30 శాతం కోత పెట్టడానికి కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, తరువాత దాన్ని పార్లమెంటులో చట్టం చేయించుకుంది. ప్రధాని భత్యం 3,000 నుంచి 2,100కు దిగడానికి ఇంత తతంగం జరిగితే, అదే చట్టం మంత్రికి ఇచ్చే అద్దెలేని, సామానుతో సహా అమర్చిన బంగళా మాత్రం నెలసరి అంకెల్లో ఎక్కడా కనిపించదు. పదవి దిగిన తరువాత కూడా నెల రోజులు ఆ ఇంట్లో ఉచితంగా ఉండవచ్చు. మామూలు ఉద్యోగికి యజమాని ఉచితంగా ఇల్లిస్తే దాని విలువను జీతంలో కలిపి పన్ను లెక్కగట్టే ఆదాయపు పన్ను శాఖ, మంత్రి బంగళా విలువను మాత్రం ఆదాయంలో కలపకుండా చట్టమే మినహాయింపు ఇచ్చింది.

రాష్ట్రాలకు వస్తే అంకెల పొందిక మరీ విచిత్రంగా ఉంటుంది. తెలంగాణలో 2016లో జీతాలు పెంచినప్పుడు ముఖ్యమంత్రికి అందే నెలసరి మొత్తం 4.21 లక్షలకు, ఎమ్మెల్యేకు అందేది రెండున్నర లక్షలకు చేరిందని పత్రికలన్నీ రాశాయి. ఎమ్మెల్యే రెండున్నర లక్షల్లో జీతం అన్న పేరుతో ఉన్నది 20 వేలే; మిగిలిన 2 లక్షల 30 వేలు నియోజకవర్గ భత్యం, అంటే నియోజకవర్గంలో తిరిగి పని చేసినందుకయ్యే ఖర్చు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం శాసనసభ్యుల నియోజకవర్గ భత్యానికి పన్ను మినహాయింపు ఇచ్చింది కాబట్టి, జీతం చిన్నదిగా, భత్యం పెద్దదిగా ఉంటే పుచ్చుకునేవారికే లాభం. కాబట్టి ‘జీతం ఎంత’ అని మాత్రమే అడిగినవారికి వచ్చే జవాబు అక్షరాలా నిజమే అయినా, అసలు విషయంలో పన్నెండో వంతు కూడా చెప్పదు.

చట్టం బహిరంగంగా ఉన్నంత మాత్రాన జనానికి తెలిసినట్టు కాదనడానికి ఉత్తరప్రదేశ్ అనుభవాన్ని మించిన ఉదాహరణ లేదు. విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ ముఖ్యమంత్రిగా ఉన్న 1981లో అక్కడ చేసిన మంత్రుల జీతభత్యాల చట్టం, మంత్రుల జీతాలపై పడే ఆదాయపు పన్నును రాష్ట్ర ఖజానాయే కట్టాలని నిర్దేశించింది. మంత్రుల్లో చాలామంది పేదలన్నది అప్పట్లో చెప్పిన కారణం. ఆ తరువాత ఎన్నో పార్టీలు గద్దెనెక్కి దిగాయి, అఫిడవిట్లలో కోట్ల ఆస్తులు చూపిన ముఖ్యమంత్రులూ వచ్చారు, అయినా ఖజానా పన్ను కడుతూనే ఉంది. 2019 సెప్టెంబరులో ఒక ఆంగ్ల పత్రిక బయటపెట్టేవరకు ఈ సంగతి చాలామందికి తెలియదు. బయటపడిన కొద్దిరోజుల్లోనే ఇకపై మంత్రులు ఎవరి పన్ను వారే కట్టుకుంటారని ప్రభుత్వం ప్రకటించింది. 1972 నుంచి ఇలాంటి ఏర్పాటే ఉన్న మధ్యప్రదేశ్ 2024 జూన్‌లో దాన్ని వదులుకుంది. నలభై ఏళ్ల చట్టం నాలుగు రోజుల వార్తకు తలవంచిందంటే, లెక్క వెలుగులో ఉండటానికీ ఎవరూ చూడని అరలో ఉండటానికీ ఉన్న తేడా ఎంతో అర్థమవుతుంది.

ఆ అరలు ఎక్కడున్నాయో చూడాలంటే బడ్జెట్ పుస్తకాలు తెరవాలి. ప్రభుత్వ ఖర్చును దేశమంతటా ఒకే తీరున విడదీసే సంఖ్యలను పద్దు సంఖ్యలంటారు. వాటిలో 2013 మంత్రిమండలిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడ్జెట్లలో ‘గవర్నర్, మంత్రిమండలి’ పేరిట ఉండే రెండో డిమాండు, అంటే శాసనసభ ఆమోదించాల్సిన గ్రాంటు, కింద ఈ పద్దు కనిపిస్తుంది. మంత్రుల జీతాలు, భత్యాలు, పర్యటన ఖర్చులు అక్కడ మొత్తాలుగా ఉంటాయే తప్ప పేరు పేరునా ఉండవు. మంత్రి నివాసపు మరమ్మతు రోడ్లు, భవనాల శాఖ లెక్కలోకి, భద్రత పోలీసు శాఖ లెక్కలోకి వెళతాయి. వాహనం, వైద్య ఖర్చుల చెల్లింపు, క్యాంపు కార్యాలయపు హంగులు వేటికవే విడివిడి జీవోల్లో మంజూరవుతాయి. జీవోల్లో రెండు రకాలున్నాయి: విధాన నిర్ణయాలకు ఎం.ఎస్. జీవో, రోజువారీ మంజూరులకు ఆర్.టి. జీవో. మంత్రుల మీద ఖర్చు ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకంలో. అందుకే ఏ ప్రభుత్వ హయాంలోనైనా క్యాంపు కార్యాలయాల ఖర్చు వార్తల్లోకి ఎక్కిందంటే, సాధారణంగా ఎవరో ఓపిగ్గా ఆర్.టి. జీవోలు తిరగేసినందువల్లే.

ఆ తిరగేసే అవకాశం కూడా శాశ్వతం కాదని 2021 ఆగస్టు చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి జీవోలన్నిటినీ వెబ్‌సైటులో పెట్టే అలవాటు ఉండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెలలో దాన్ని నిలిపివేసి, అవసరమైనవాటిని ఈ-గెజిట్‌లో పెడతామంది. ఏది అవసరమో తేల్చేది మళ్లీ ప్రభుత్వమే. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో పాత పద్ధతి తిరిగొచ్చింది. ఒక పాలనా ఉత్తర్వుతో ఆగి, మరో ఉత్తర్వుతో మొదలైన ఈ సదుపాయాన్ని హక్కు అనడం కష్టం.

హక్కు అనదగినది 2005 నాటి సమాచార హక్కు చట్టం. దాని పుట్టుకే జీతాల లెక్కలతో ముడిపడి ఉంది: 1990లో రాజస్థాన్‌లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరవు పనులకు వెళ్లిన కూలీలకు న్యాయమైన కూలి అందకపోవడానికి కారణం మస్టరు రోల్ ఎవరికీ చూపించకపోవడమేనని గుర్తించి, ఆ కాగితాలను ఊరందరి ముందు చదివించే బహిరంగ విచారణలు జరిపింది, 1996లో బియావర్‌లో నలభై రోజుల ధర్నా చేసింది. చట్టం వచ్చిన 2005లోనే ఉపాధి హామీ చట్టమూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి నడిచిన సామాజిక తనిఖీల్లో కూలీల పేర్లు, పనిదినాలు, కూలి మొత్తాలు ఊరివారందరూ వినేలా గట్టిగా చదివేవారు. ఏ జాబ్‌కార్డు మీద ఎవరికి ఎన్నిరోజులకు ఎంత అందిందో పథకం వెబ్‌సైటులో పేరుతో సహా కనిపించేలా ఏర్పాటు చేశారు. ఉపాధి కూలీకి వారానికి అందిన కొన్ని వందల రూపాయలను ప్రపంచమంతా చూడవచ్చు. మంత్రికి ఏడాదికి అందినది చూడాలంటే మాత్రం దరఖాస్తు పెట్టాలి. వివరాలు తెలియడం ప్రజాధనానికి మంచిదైతే ఈ వరస తలకిందులుగా ఉందనక తప్పదు.

సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం, ఎవరూ అడగకుండానే ప్రతి శాఖ తన ‘అధికారుల, ఉద్యోగుల’ నెలసరి వేతనాన్ని ప్రచురించాలి. మంత్రి అధికారి కాదు, ఉద్యోగీ కాదు. కాబట్టి శాఖలో అటెండరు వేతనం పట్టికకెక్కుతుంది, ఆ శాఖను నడిపే మంత్రిది ఎక్కనక్కరలేదు. సుప్రీంకోర్టు 1979లో కరుణానిధి కేసులో, మంత్రి ప్రభుత్వం నుంచి జీతం పుచ్చుకుంటాడు కనుకనే అవినీతి కేసుల్లో ప్రజా సేవకుడి కిందికి వస్తాడని తేల్చింది. అంటే జీతం పుచ్చుకోవడం మంత్రిని నేరచట్టం పరిధిలోకి తేగలిగింది కానీ, ప్రచురణ పట్టికలోకి తేలేకపోయింది. వరంగల్‌కు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు మాడభూషి శ్రీధర్ ఆచార్యులు కేంద్ర సమాచార కమిషనర్‌గా 2016లో, మంత్రులు కూడా చట్టం పరిధిలోని ప్రజా సంస్థలేనని ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఢిల్లీ హైకోర్టు తరువాత దాన్ని రద్దు చేసింది.

ఇక మిగిలింది దరఖాస్తు. పది రూపాయల రుసుము చాలు, ఎందుకడుగుతున్నారో చెప్పనక్కరలేదు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. చిక్కు ప్రశ్నలో ఉంది. ‘ఫలానా మంత్రిపై ఈ ఏడాది అయిన మొత్తం ఖర్చు ఎంత’ అని రాస్తే, అలా క్రోడీకరించిన సమాచారం లేదని పౌర సమాచార అధికారి జవాబివ్వవచ్చు. తమ దగ్గర లేని పత్రాన్ని కొత్తగా తయారు చేసి ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లో, సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో, స్పష్టం చేసింది. అనుభవం ఉన్నవారు మొత్తం అడగరు. సాధారణ పరిపాలన శాఖకు ఒక దరఖాస్తు, రోడ్లు భవనాల శాఖకు మరొకటి పెట్టి, ఫలానా తేదీల మధ్య ఫలానా మంత్రి పేరిట జారీ అయిన ఆర్.టి. జీవోల నకళ్లు, జీతం బిల్లుల నకళ్లు అడిగి, కూడిక తామే చేసుకుంటారు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, తరువాత సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అయితే తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనర్ కూడా లేకపోవడంతో, ఆ రెండేళ్లూ రెండో అప్పీలు కాగితం మీది మాటగానే మిగిలింది.

ఈలోగా చట్టమే మారింది. ఎనిమిదో సెక్షన్‌లోని (1)(జె) నిబంధన వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకుండా ఆపే సందర్భాలను చెబుతుంది. పాత పాఠంలో ఆ నిరాకరణకు పగ్గాలుండేవి: ఆ సమాచారానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేకపోతేనో, అది అకారణంగా ఏకాంతంలోకి చొరబడితేనో మాత్రమే ఆపాలి; పైగా, పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని మామూలు పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 44వ సెక్షన్ ఈ పగ్గాలన్నీ తీసేసి, ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటనే మిగిల్చింది. 2025 నవంబరులో ఆ సవరణ అమల్లోకి వచ్చింది. ఏకాంతం ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు అనుగుణంగానే మార్చామని ప్రభుత్వం అంటోంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న 8(2) నిబంధన అలాగే ఉందని కూడా గుర్తుచేస్తోంది. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ మంత్రి వైద్య ఖర్చు, విదేశీ పర్యటన భత్యం వంటి కాగితాల మీద ఒక పేరు ఉంటుంది, పేరున్న ప్రతిదాన్నీ వ్యక్తిగతమనడం కింది స్థాయి అధికారికి ఇప్పుడు తేలిక. మంత్రిమండలి పద్దును ఆమోదించేది శాసనసభే కాబట్టి, తొలగించిన ఆ ఒక్క వాక్యం మంత్రుల జీతాల విషయంలో అడిగేవాడి చేతిలో అన్నిటికన్నా పదునైన ఆయుధంగా ఉండేది.

నిజానికి దీన్ని సరిచేయడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. నాలుగో సెక్షన్‌లోని ప్రచురణ జాబితా చివర, నిర్దేశించిన ‘ఇతర సమాచారం’ కూడా ప్రచురించి ఏటా సవరించాలన్న అంశం ఉంది. ఏమి నిర్దేశించాలో నిబంధనల ద్వారా చెప్పే అధికారం 27వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. మంత్రివర్గం పరిమాణం సభ బలంలో 15 శాతం మించరాదని 2003 నాటి 91వ సవరణ పరిమితి పెట్టింది కాబట్టి, 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి మంత్రివర్గం 26 మంది, 119 స్థానాల తెలంగాణలో 18 మంది. జీతం, భత్యాలు, ఇంటి మరమ్మతు, వాహనం, వైద్యం, పర్యటన అని ఆరు నిలువు గడులు గీసి, ఆ పేర్ల ఎదుట అంకెలు రాస్తే ఒక్కో రాష్ట్రానికి ఒక పేజీకి మించదు. భద్రత ఖర్చును మాత్రం అందులో కలపకుండా వదిలేయడానికి సహేతుకమైన కారణం ఉంది. మిగిలినవాటికి అలాంటి కారణాన్ని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు, ఎందుకంటే అడగాల్సిన చోట, అంటే రెండో డిమాండు సభలో ఓటుకు వచ్చే రోజున, ఆ ప్రశ్న దాదాపుగా ఎవరూ వేయరు.