రొయ్య గుంటలో జన్యువుల లెక్క: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు తీరంలో రొయ్య సాగు ఉన్న ప్రతిచోటా తెల్లమచ్చ వైరస్ భయం ఉంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను దెబ్బతీసిన ఈ వైరస్, 2009లో అనుమతి పొందిన వనామీ రొయ్యనూ వదల్లేదు. దాని చుట్టూ అల్లుకున్న అపోహలకు మూలం ఒక్కటే: జన్యువు ఎప్పుడూ ఒకే ఫలితమిస్తుందన్న నమ్మకం.

అపోహ: ఎస్పీఎఫ్ తల్లి రొయ్యల పిల్లకు తెల్లమచ్చ రాదు.

వాస్తవం: ఎస్పీఎఫ్ అంటే తల్లి రొయ్యలో నిర్దేశిత రోగకారకాలు లేవని మాత్రమే. రోగాన్ని తట్టుకుంటుందనే హామీ అందులో లేదు. గుంటలో వదిలాక పీతలు, నీరు వైరస్‌ను తేవచ్చు. వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకూ హద్దుంది. నూటికి రెండు పిల్లల్లో వైరస్ ఉంటే, 150 పిల్లల్ని ఏ పొరపాటూ లేకుండా పరీక్షించినా అది బయటపడే అవకాశం సుమారు 95 శాతమే. అంతకంటే తక్కువ పిల్లల్లో ఉంటే తప్పించుకునే వీలు ఇంకా పెరుగుతుంది.

అపోహ: రోగనిరోధక జన్యువులు ఎంత చురుగ్గా ఉంటే అంత రక్షణ.

వాస్తవం: జన్యువులు ఒకదాన్నొకటి లేపుతూ, అణచుతూ వలలా పనిచేస్తాయి. రొయ్య రోగనిరోధక సంకేతాల్లో స్టాట్ అనే ప్రొటీన్ ఒకటి. తెల్లమచ్చ వైరస్ తన తొలి జన్యువుల్లో ఒకటైన ఐఈ1ను మరింత చురుగ్గా నడిపించడానికి దాన్నే వాడుకుంటుందని 2007లో వెల్లడైంది. కావలివాడి తాళంచెవితోనే దొంగ తలుపు తీసినట్టు! అందుకే ఏదో ఒక జన్యువును చూసి ఫలితం చెప్పలేం, వల మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: సంభావ్యత అంటే తెలియనప్పుడు చెప్పే ఊహ.

వాస్తవం: 1969లో శాస్త్రవేత్త స్టువర్ట్ కాఫ్‌మన్ జన్యువులను వెలిగే, ఆరే దీపాల్లా భావించి, ప్రతిదానికీ ఒక్కో నియమం పెట్టాడు. 2002లో ఇల్యా ష్ములెవిచ్ బృందం ఒక్కో జన్యువుకు పలు నియమాలనూ, ఒక్కోదానికి ఇంత అవకాశమన్న లెక్కనూ ఇచ్చింది. ఇలా అవకాశాల్లో లెక్కించడానికి మన కొలతల కొరత ఒక కారణమన్నది నిజమే. కానీ కణంలోనే యాదృచ్ఛికత ఉందని ఆ ఏడాదే మైకేల్ ఎలోవిట్జ్ బృందం చూపింది. ఒకే బ్యాక్టీరియాలో, ఒకే నియంత్రణ కింద పెట్టిన రెండు రంగుల జన్యువులు వేర్వేరు మోతాదుల్లో వెలిగాయి.

ఉన్నది ఒక్క పంటైన రైతుకు శాతాలెందుకని అడగవచ్చు. ప్రయోగాల్లో 32 డిగ్రీలు దాటిన నీటిలో, వైరస్ సోకిన వనామీ మరణాలు బాగా తగ్గాయి. రొయ్యా అదే, వైరసూ అదే, మారింది అవకాశం. తుపాను ముసురుకు నీరు చల్లబడే కాలం మన తీరానికి ఏటా వస్తుంది. ప్రమాదం పెరిగేది ఎప్పుడో తెలిస్తే గట్టుకు పీతలను ఆపే వలా, నీటి శుద్ధీ అంతకుముందే సిద్ధమవుతాయి.