ప్రాఁత బొమ్మలపత్రికలపైఁ బూర్వస్వాముల చేవ్రాఁతలు

తాళపత్రగ్రంథము చేతికి వచ్చినప్పుడు పండితుఁడు మొదటఁ జూచునది తుదియాకు. వ్రాయసకాని పేరో, వ్రాయించినవారి పేరో, సంవత్సర మాస తిథి వారములో యచట నుండినచో నా ప్రతికి గౌరవ మధికమగును. అది యెవరి యింట నుండెను, ఎవరి చేతినుండి యెవరి చేతికిఁ బోయెను అను సంగతి యిట్టి వ్రాఁతలవలననే తెలియవలసియున్నది. వానిని మచ్చలని యెవ్వరును ననరు. అచ్చుపుస్తకముల విషయమున నీ మర్యాద తలక్రిందయినది. కొనువాఁడు శుభ్రమైన ప్రతినే కోరును. పిల్లల బొమ్మలపత్రికలయెడ నీ కోరిక మఱింత బలమైనది. అట్టపై నొక పేరు కనఁబడినంతనే బేరగాఁడు ధర తగ్గించును. అమ్మువాఁడు దానిని జెఱిపివేయఁ జూచును. అట్లు చెఱుపుటవలన మనకుఁ గలుగుచున్న నష్టమెట్టిదో తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

బొమ్మలపత్రిక లనఁగా నిచట నేవి? న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసునుండి వెలువరించిన 'బాల'. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలోఁ దెలుఁగునను దమిళమునను బ్రారంభించిన 'చందమామ'. 1964లోఁ బుట్టిన 'ఇంద్రజాల్ కామిక్సు'. 1967లో అనంత్ పాయ్‌గారు ప్రారంభించిన 'అమర చిత్రకథ'లు. వీనిలో మొదటి రెండును గేవలము కామిక్కులు కావు. కథలును బొమ్మలును గలిసిన మాసపత్రికలు. అయినను అమెరికావారికిఁ గామిక్కు పుస్తక మెట్టిదో, మన గృహములకుఁ జందమామ యట్టిది. బాల్యమునఁ జదువఁబడి, చేతులు మాఱి, నలిగి, చినిఁగి, కడకు మిగిలిన కొలఁది ప్రతులకు వయసుతోపాటు వెలయుఁ బెరిగినది.

ఏలూరును దాడేపల్లిగూడెమును మద్రాసు-హౌరా రైలుమార్గమునందలి పట్టణములు. మద్రాసున నచ్చయిన పత్రిక యిట్టి పట్టణములకు వచ్చి, యచటినుండి కొల్లేటి లంకగ్రామములకుఁ జేరుచుండెడిది. ఒకరు కొన్న ప్రతి పదుగురు చదివెడివారు. ఈ సంచారమునకు సాక్ష్యము ముద్రితమైన పుటలయందు లేదు. పుటల యంచులయందలి చేవ్రాఁతలలోనే కలదు.

విపణిధర్మము

ప్రాఁత కామిక్కుల వెలను శాస్త్రీయముగా నిర్ణయించు పద్ధతి యమెరికాలోఁ బెరిగినది. ఓవర్‌స్ట్రీటుగారి ధరల పుస్తకము మొదట 1970లో వెలువడెను. 2000లో నేర్పడిన సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీవారు ప్రతిని బరీక్షించి, పదింటి కిన్ని పాళ్లని తరగతి నిర్ణయించి, మూసివేసిన పెట్టెలో నుంచి యిత్తురు. వారి మర్యాదలో వ్రాఁతలన్నియు నొకటి కావు. అంగడివాఁడు పత్రిక వచ్చిన దినమును ముఖపత్రముపైఁ జిన్నయంకెలతో వేసికొనుట సాధారణము. దానివలనఁ దరగతి యంతగాఁ దగ్గదు. బాలుఁడు సిరాతోఁ బెద్దగాఁ బేరు వ్రాసినచోఁ దగ్గును. బొమ్మమీఁద గీఁతలు గీచినచో మఱింత తగ్గును. చిత్రకారునిదే యని చెప్పఁబడు చేవ్రాలు సయితము, సాక్షి యెదుట వేయఁబడనిచో, వారి లెక్కలో వట్టి వ్రాఁతగానే యెంచఁబడుచుండెను.

ఇందులకు విరుద్ధముగాఁ గొన్ని ప్రసిద్ధసంపుటములు కలవు. ఒక బాలుని పేరు పెన్సిలుతో ముఖపత్రములపై వ్రాయఁబడిన ప్రతులు, ఆ వ్రాఁత యుండుటచేతనే యధికమూల్యమునకు విక్రయమగుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్బంధశిబిరమునందుండిన యొక జపానుసంతతి యువతి యింటిపేరు గల ప్రతులును నట్టివే. ఆ యింటిపేరు తుడిచివేసినచో నవి తక్కిన ప్రతులతో సమానములు; ఉన్నచోఁ జరిత్రలో భాగములు. కాఁబట్టి వ్రాఁత మచ్చ యగుటయు, సాక్ష్యమగుటయు, దాని వెనుకనున్న కథ తెలియుటపై నాధారపడియున్నది. కథ తెలియని వ్రాఁత ధరను దగ్గించును. తెలిసిన వ్రాఁత పెంచును. మన దేశమున నీ రెండవ భాగ మింకను వ్యాపింపలేదు. విజయవాడ లెనిన్ సెంటరువంటి ప్రాఁతపుస్తకముల తావులలో బేరము మొదటి భాగముతోడనే ముగియుచున్నది.

వ్రాఁతల తెఱఁగులు

మన ప్రతులపైఁ గానవచ్చు వ్రాఁతలను నాలుగు తెఱఁగులుగా విభజింపవచ్చును. మొదటిది స్వామ్యసూచకము: పేరు, తరగతి, పాఠశాల, గ్రామము, కొన్నియెడల దొరికినవారు తిరిగి యీయవలెనను వేఁడికోలు. రెండవది దానసూచకము: మేనమామయో, యక్కయో బహుమానముగా నిచ్చిన తేదీతోఁ గూడినది. మూఁడవది వ్యవహారసూచకము: వెల, చందా గడువు, బదులు తీసికొన్నవారి పేరు, ఒక్కొక్కప్పుడు చాకలి పద్దు, పాల లెక్క. నాలుగవది పఠనసూచకము: తెలియని మాటక్రింద గీఁత, కథ కడపట "బాగున్నది" యను నొక్క మాట, చందమామలోని ఫొటో వ్యాఖ్యల పోటీకిఁ బంపఁదలఁచి బొమ్మక్రింద వ్రాసి కొట్టివేసిన పదములు.

బేరగాఁడు మిక్కిలి వెగటుపడునది యీ నాలుగవ తెఱఁగు. సాహిత్యచరిత్రకారునకు మిక్కిలి యవసరమైనదియు నదియే. పత్రిక యెన్ని ప్రతు లమ్ముడుపోయినదో కార్యాలయపు లెక్కలు చెప్పఁగలవు. ఎవరు చదివిరో చెప్పఁజాలవు. ఒకే ప్రతిపై మువ్వురు తోఁబుట్టువుల పేళ్లు, మూఁడు వేర్వేఱు సంవత్సరములతో నున్నచో, ఆ సంచిక యొక యింట నెన్ని యేండ్లు జీవించినదో తెలియును. ఆఁడుపిల్లల పేళ్లు గల ప్రతులు, బడి మానిన తరువాత వారి చదువు సాగినదో లేదో యని విచారించువారికి నాధారములగును.

కాలనిర్ణయము

తేదీ లేని వ్రాఁతలకుఁ గాలము నిర్ణయించుట కీ ప్రాంతమునఁ గొన్ని చక్కని సాధనములు కలవు. విలాసమును ముందుగాఁ జూడవలెను. పశ్చిమగోదావరి జిల్లా 1925లో నేర్పడినది. అంతకుముం దేలూరు కృష్ణాజిల్లాలోనిది. 'తాలూకా' యని యున్నచో సాధారణముగా 1985కు ముందటిది. ఆ యేఁట మండలములు వచ్చినవి. ఆఱంకెల పిన్‌కోడు 1972 ఆగష్టు 15న నమలులోనికి వచ్చెను గాన, 534తో మొదలగు సంఖ్య గల యేలూరు విలాస మంతకుఁ బూర్వపుది కానేరదు. కొల్లేటి దక్షిణపుటొడ్డునందలి కైకలూరు ప్రాంతము 2022 వఱకుఁ గృష్ణాజిల్లాలో నుండి, యా యేఁట నేర్పడిన యేలూరుజిల్లాలోఁ జేరినది. తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలోనే నిలిచినది.

వెల వ్రాసిన తీరును నుపకరించును. అణాల లెక్క 1957 ఏప్రిలు 1కిఁ బూర్వపు మర్యాద. 'నయాపైస' యను మాట 1957కును 1964కును నడుమ నధికారికముగా వాడుకలో నున్నది. అలవాటుచేఁ బెద్దలు తరువాతను నణాలు వ్రాసియుండవచ్చును గనుక, దీనిని దోడ్పాటుగానే గ్రహింపవలెను.

సంవత్సరనామమునందు జాగ్రత్త వలయును. 'సర్వజిత్తు' అని యున్నచో నది 1887-88 కావచ్చును, 1947-48 కావచ్చును, 2007-08 కావచ్చును. చందమామ తొలి సంచికపై మొదటిది పొసఁగదు; కాని 1880 ప్రాంతమున నచ్చయిన వాచకముపై మూఁడును బొసఁగును. అచట లిపియు, సిరాయు నిర్ణాయకములు. పెద్దవారి వ్రాఁతలో నరసున్న, వలపలగిలక కనఁబడినచో నది ప్రాఁత బడిచదువునకు గుఱుతు.

సిరా, పెన్సిలు, కొల్లేటి తేమ

కృష్ణాగోదావరీ నదుల నడుమనున్న కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేర్లు వచ్చి కలియును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకుఁ గొనిపోవును. వఱదకాలమున లంకగ్రామములలో నీరుచేరుట క్రొత్తగాదు. అందలి యిండ్లలో నున్న పుస్తకములకుఁ దేమ, చెదలు, పుస్తకపుఁ బురుగు నిత్యశత్రువులు. చవుకరకపు ముద్రణకాగితము తనలోని యామ్లముచేతనే గోధుమవన్నెకుఁ దిరిగి పెళుసగును.

ఇట్టిచోట వ్రాఁత బ్రతుకుట వ్రాసిన సాధనమునుబట్టి యుండును. ఊటకలములలో వాడు సాధారణపు రంగుసిరా నీటికిఁ గరఁగి యల్లుకొనును. రాజమహేంద్రవరమున 1932లో రత్నముగారు స్వదేశీకలముల తయారి ప్రారంభించిన నాఁటినుండి యీ మండలమున నూటకలము గౌరవచిహ్నమయ్యెను గాన, దానితో వ్రాసిన పేళ్లు మనకు మెండుగాఁ దారసిల్లును. తడిసి చెదరినవియు మెండే. పెన్సిలు వ్రాఁత నీటికిఁ జెడదు. వఱదలోఁ దడిసి యెండిన పుటపైఁ బెన్సిలుతో వ్రాసిన పేరు నిలిచియుండును. నీరు చెఱుపలేని యా పేరును రబ్బరుముక్క చెఱుపును. మన కాలమునఁ దఱచుగా జరుగుచున్న దిదియే.

ఒకానొక యంగడిలో నేనే దీనిని గన్నులారఁ జూచితిని. అమ్మువాఁడు నా యెదుటనే యొక చందమామ యట్టపైనున్న బాలిక పేరును రుద్దఁ జొచ్చెను. పేరుతోపాటు ముఖపత్రపు రంగును లేచిపోయి, తెల్లని గాయము మిగిలినది. పేరున్నప్పుడు చెప్పిన ధరకే యా ప్రతిని గొనువాఁడు లేకపోయెను. ఆ బాలిక గ్రామ మేదో చదువుటకు నాకు వ్యవధి చాలలేదు.

కూటవ్రాఁతల సంగతి

చేవ్రాఁతకు విలువ యున్నదని తెలిసినచోఁ గూటవ్రాఁతలు పుట్టుట సహజము. ప్రసిద్ధ చిత్రకారుల పేరిటి చేవ్రాళ్లయెడ శంకించుట మంచిది. పరీక్ష సులభమే. కాగితము చిట్లినచోట, పురుగు తొలిచిన రంధ్రముచోటఁ జూడుఁడు. వ్రాఁత ముందుది, గాయము తరువాతిది యైనచో నక్షరము రంధ్రపుటంచున హఠాత్తుగాఁ దెగిపోవును. గాయము ముందుది యైనచో సిరా యా యంచులోనికిఁ బాఱి పీల్చుకొనఁబడియుండును. భూతద్దము చాలును; వేఱు యంత్ర మక్కఱలేదు.

కర్తవ్యము

గ్రంథాలయములలో నొకే సంచిక రెండు ప్రతులు చేరినప్పుడు శుభ్రమైనదానిని నిలిపి, వ్రాఁతలున్నదానిని దొలఁగించుట వాడుక. ఇది పాఠమునకు మేలు, చరిత్రకుఁ గీడు. ముద్రితపాఠ మన్ని ప్రతులలోను నొక్కటియే. చేవ్రాఁత యా యొక్క ప్రతిలోనే కలదు. రెంటిని నిలుపుట యుత్తమము. నిలుపుట కవకాశము లేనిచోఁ దొలఁగించుటకుముం దట్టలయొక్కయు, వ్రాఁతలున్న పుటలయొక్కయు ఛాయాచిత్రములు తీయవలెను. బైండు చేయించువా రంచులు కోయింపరాదు. కోసిన యంగుళములోనే పేళ్లు పోవుచున్నవి. సంచికలను గంప్యూటరు కెక్కించువారు శుభ్రపఱచిన పుటతోపాటు శుభ్రపఱుపని పుటను సయిత ముంపవలెను.

పాఠశాలల పండితులు చేయఁగల పని వేఱొకటి కలదు. విద్యార్థుల యిండ్లలో నున్న ప్రాఁత సంచికలను దెప్పించి, వానిపై వ్రాఁతల నున్నవి యున్నట్లుగాఁ, దప్పులతోఁ గూడ, నొక పుస్తకమున నెక్కింపవచ్చును. సంచిక నెల, సంవత్సరము, వ్రాఁతయున్న తావు, సిరాయో పెన్సిలో, గ్రామము, వ్రాసినవా రిప్పటి కుటుంబమున కేమగుదురు అను నీ గడులు చాలును. జీవించియున్నవారి పేళ్లను వారి యనుమతి లేక ప్రకటింపరాదు. ప్రతిని దిరిగి యింటివారికే యిచ్చివేయవలెను. అచట నున్నంతవఱకే యా పేరునకు దాని కథ చెప్పువారుందురు. ఏలూరునుండి కొల్లేటి లంకలవఱకు నిట్టి పట్టికలు పది పాఠశాలలలోఁ దయారయినను, మన బాలసాహిత్యము నెవరు చదివిరను ప్రశ్నకు నేఁటివఱకు లేని యాధారము లభించును. ధరను బేరగాఁడు నిర్ణయించుఁగాక. విలువ నిర్ణయించు పని మనది. అందులకు ముందుగాఁ జేయవలసినది చేతిలోని రబ్బరును బ్రక్కకుఁ బెట్టుట.