తెర మీది గుస్సాడీ ఇంట్లో దాచుకునేదెలా?

మార్లవాయి (జైనూర్ మండలం): నెమలి ఈకల టోపీ పెట్టి గుస్సాడీ ఆడిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ దక్కింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు ఆయన అడుగులు చూడాలనుకునే పిల్లలు యూట్యూబ్ తెరవాల్సిందే. తెర మీద కనబడిందంతా మనదగ్గర ఉన్నట్టు కాదు. పెట్టినవారు తీసేస్తే మాయం! ఫోన్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కినా అది ఆ యాప్‌లోనే ఉంటుంది. విడి ఫైలుగా కంప్యూటర్‌లో దాచుకోవడం కుదరదు.

ఊరి దండారిని తామే తీసి పెట్టిన యువకులకు మాత్రం దారి ఉంది. తమ ఖాతాతో యూట్యూబ్ స్టూడియో తెరిచి, తమ వీడియోను కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చు. బొమ్మ నాణ్యత కొంత తగ్గవచ్చు. అందుకే అసలు ఫైలును ఫోన్‌లోంచి తుడిచేయరాదు. ఇతరులు తీసినదైతే వారినే అడిగి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. అడిగితే కాదనేవారు ఈ ఊళ్లలో తక్కువే.