బండిపెట్టె రాత – గుడిగోడ రాత

ఆమదాలవలస స్టేషనులో నిలిచి చూచేవారికి గూడ్సుబండి ప్రతి పెట్టెమీదను పదకొండు అంకెలు కనిపిస్తవి. మొదటి రెండూ పెట్టె రకాన్ని, తరువాతి రెండూ అది ఏ రైల్వేకు చెందినదో, ఆపైని రెండూ తయారైన సంవత్సరాన్ని తెలుపుతవి. పిమ్మటి నాలుగూ దాని వరుససంఖ్య. చివరి అంకె తక్కినవాటిలో తప్పు దొర్లినదేమో సరిచూచుకొనడానికి ఏర్పడినది. చదువ నేర్చినవారికి అదొక చిన్న శాసనమే.

ఇట్టి అధికారపు రాతల ప్రక్కనే సామాన్యులు తమ రాతలను చేర్చిన చరిత్ర అమెరికాలో విస్తారంగా ఉన్నది. రైల్వే కార్మికులు, టిక్కెట్టు లేకుండా బండ్లెక్కి పనికోసం ఊరూరా తిరిగిన కూలీలు పెట్టెలమీద సుద్దతో మారుపేర్లు వ్రాసేవారు, బొమ్మలు గీసేవారు. సెయింట్ లూయిస్ నగరంలో హెర్బర్ట్ మయర్ అనే రైల్వే ఉద్యోగి 1950ల నుండి పాతికేళ్లపాటు ఒకే బొమ్మను వేస్తూ వచ్చినాడు: చెట్టు నీడను టోపీ ముఖంమీదికి వాల్చుకొని కునుకు తీసే మనిషి. వేసిన చేయి ఆ యార్డులోనే ఉండగా బొమ్మ దూరదేశాలు తిరిగినది.

తరువాతి కాలంలో సుద్ద స్థానాన్ని రంగుల పిచికారీ ఆక్రమించినది. న్యూయార్కు భూగర్భ రైళ్లమీద పెచ్చుపెరిగిన రంగురాతలను అక్కడి యాజమాన్యం 1989 నాటికి తుడిచివేయగా, పలువురు గూడ్సుపెట్టెల వైపు మళ్లినారు. చట్టం దృష్టిలో అది నేరమే. అయినను వారిలో ఒక కట్టుబాటు ఉన్నది: పెట్టె సంఖ్యలను కప్పరాదు. కప్పితే రైల్వేవారు ఆ చోట రంగు పూసి సంఖ్యలను తిరిగి వ్రాయవలసి వస్తుంది. వీరి బొమ్మ చెరిగిపోతుంది. అది స్వార్థమే కావచ్చును. కాని ముందున్న రాతకు చోటు విడిచిన తరువాతనే తమ రాత అనే నియమం అందులో ఇమిడి ఉన్నది.

ఆ నియమం మన గుడిగోడల దగ్గర మరింతగా గుర్తుకు రావలసినది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయపు రాళ్లమీద నూరుకు మించిన శాసనాలు ఉన్నవి. సంస్కృతంలోను, తెలుగులోను చెక్కిన వీటిలో అధిక భాగం తూర్పు గాంగుల కాలానివి. అఖండదీపానికి చేసిన దానాలు వాటిలో తరచుగా కనిపిస్తవి. దాత తన పేరు చెప్పి ఊరుకొనలేదు. ఏ శకవర్షంలో, ఏ దేవునికి, ఏమి ఇచ్చినదీ వ్రాయించి, ఆ ధర్మాన్ని ముందు తరాలవారు నిలుపవలెనని కోరినాడు. కాబట్టి ఆ రాత కీర్తితోపాటు ఒక బాధ్యతను కూడ మోస్తున్నది.

ఆ రాళ్లను శ్రద్ధతో చదివినవారొక బడిపంతులు. 1863 లో శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ పాత లిపులను స్వయంకృషితో నేర్చుకొన్నారు. ఈ శాసనాలను పరిశోధించి, గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ప్రతిపాదించినారు. గోడమీద తన పేరు గీసినందువల్ల ఆయన పేరు నిలువలేదు; గోడను చదివినందువల్ల నిలిచినది.

పాత గుళ్లలో, కోటలలో మేకుతో తన పేరు గీసే యాత్రికుడు ఈ సంగతి ఎరుగడు. సుద్దగీత వానకు పోతుంది; రాతిమీది గీత పోదు. శకవర్షంలోని ఒక్క అంకె గీతకు బలియైతే ఆ శాసనపు కాలమే సందేహంలో పడుతుంది. రక్షిత కట్టడాలను పాడుచేయడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం. 2010 సవరణతో శిక్ష రెండేళ్ల జైలు వరకు, జరిమానా లక్ష రూపాయల వరకు పెరిగినవి.

అయినను చట్టం ప్రతి స్తంభం దగ్గరను కాపలా ఉండలేదు. విహారయాత్రకు పిల్లలను తీసుకొని వచ్చిన ఉపాధ్యాయుడు ఒక శాసనపు పంక్తినైనా వారిచేత నోటుపుస్తకంలోనికి ఎత్తి వ్రాయిస్తే చాలును. ఒక్కొక్క అక్షరాన్ని పోల్చుకొనడానికి పాటుపడిన పిల్లవాడు ఆ అక్షరంమీద మేకు పెట్టడు.