మెట్‌పల్లి ఖాదీ: బీరువాలో నిలిచిన కూలి

లాభాపేక్ష లేని సంస్థకు సేవాభావం ఉంటే చాలునని, లెక్కలూ నిర్వహణ మెలకువలూ వ్యాపారులకు మాత్రమే అవసరమని భావించేవారు నేటికీ కనిపిస్తారు గాని, జగిత్యాల జిల్లా మెట్‌పల్లిలోని ఖాదీ గ్రామోద్యోగ ప్రతిష్ఠాన్ వంటి సంస్థ పనితీరును గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఖాదీ సంస్థ ఒకవైపు నూలు వడికేవారికీ, నేసేవారికీ పని కల్పించే సేవాసంస్థ, మరొకవైపు తువ్వాళ్లు, పంచెలు, చొక్కా గుడ్డ అమ్మే చిల్లర దుకాణం. ఈ రెండింటిలో ఏది తడబడినా రెండవది కూలుతుంది.

1956 నాటి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చట్టం ప్రకారం భారతదేశంలో చేతితో వడికిన నూలుతో, చేమగ్గంపై నేసిన వస్త్రమే ఖాదీ. అంటే ఖర్చు తగ్గించుకోవడానికి మిల్లు నూలునో మరమగ్గాన్నో ఆశ్రయించే దారి ఈ సంస్థలకు లేదు. కూలి తగ్గించి ధర తగ్గించడమూ ఉద్యమ సంప్రదాయానికి విరుద్ధమే. 1925లో గాంధీజీ నెలకొల్పిన అఖిల భారత చరఖా సంఘం, ధర పెరిగినా సరే, వడికేవారికి బతుకుదెరువుకు చాలే కూలి ముట్టాలని 1935లో నిర్ణయించింది. కూలి తగ్గించడానికి వీలులేనప్పుడు మేనేజరు చేతిలో మిగిలేది సరుకు, నగదు తిరిగే వేగం మాత్రమే.

ఈ వేగాన్ని కొలిచే పద్ధతి తేలికైనదే. ఏడాదిలో అమ్ముడైన సరుకు అసలు ఖరీదును, దుకాణంలోనూ గోదాములోనూ సగటున ఉన్న నిల్వ ఖరీదుతో భాగిస్తే, పెట్టుబడి ఎన్నిసార్లు తిరిగిందో తెలుస్తుంది. ఉదాహరణకు ఏడాదిలో 24 లక్షల రూపాయల ఖరీదైన బట్ట అమ్మి, సగటున 12 లక్షల నిల్వ ఉంచుకునే భండారులో పెట్టుబడి రెండుసార్లే తిరుగుతుంది, అంటే నేత కూలిగా వెళ్లిన రూపాయి తిరిగి రావడానికి ఆరు నెలలు పడుతుంది. అమ్మకం తగ్గకుండా నిల్వను 8 లక్షలకు దించగలిగితే అది నాలుగు నెలలకే తిరిగి వస్తుంది, విడుదలైన 4 లక్షలు తరువాతి విడత కూలికి పనికొస్తాయి. బీరువాలో మడత నలగని తాను అంటే చెల్లించలేకపోయిన కూలి అని ఖాదీ కార్యకర్త భావించడం న్యాయం.

నిల్వ తగ్గించడమంటే అన్నింటినీ సమానంగా కోయడం కాదు. ప్రతి తానుకూ అది దుకాణానికి చేరిన నెలను తెలిపే చీటీ కట్టి, ఏడాది దాటిన సరుకును వేరుచేసి, ఏ రంగు, ఏ పన్నా, ఏ నూలు నంబరు కదలడం లేదో మగ్గాల దగ్గరికి తెలియజేసినప్పుడే తరువాతి నేత మారుతుంది. మెట్‌పల్లి ప్రాంతంలో పసుపు అమ్మిన డబ్బు రైతుల చేతికి వచ్చేది వేసవి ముఖాన. గాంధీ జయంతి తగ్గింపులు దసరా రోజులకు దగ్గరగా వస్తాయి. నూలు వడికి, నేసి, చలువ చేయడానికి పట్టే కాలాన్ని వెనక్కి లెక్కగట్టి, ఈ రెండు గిరాకీల కోసం ముందుగానే పని పంచాలి.

ప్రభుత్వ సహాయం ఇక్కడ మేలూ చేస్తుంది, చిక్కూ తెస్తుంది. అమ్మకంపై ఇచ్చే రిబేటు స్థానంలో 2010లో వచ్చిన మార్కెట్ అభివృద్ధి సహాయ పథకం, ఉత్పత్తి విలువలో 20 శాతం ఇస్తూ, అందులో నాలుగో వంతు వడికేవారికీ నేసేవారికీ చేరాలని నియమం పెట్టింది; తరువాత 2016లో దాని లెక్క మారింది. ఉత్పత్తిని బట్టి సహాయం అందేటప్పుడు, అమ్ముడుపోని గుడ్డను కూడా నేయించాలన్న ఆశ సహజంగా పుడుతుంది గనుక, సహాయం చేతికి అందేవరకు దానిని రాబడిగా భావించి కూలి హామీలు ఇవ్వకపోవడం క్షేమం. బ్యాంకు రుణంపై సంస్థ 4 శాతం వడ్డీ భరిస్తే మిగిలినది కమిషన్ భరించే ఏర్పాటు మాత్రం నిజమైన ఊరట. 12 లక్షల రుణానికి బ్యాంకు 12 శాతం అడిగితే ఏడాదికి 1,44,000 రూపాయల వడ్డీలో సంస్థ వంతు 48,000 మాత్రమే. అయితే ఒక ప్రత్యేక పనికై వచ్చిన విరాళాన్ని ఈ వ్యాపార పద్దులో కలిపితే, దుకాణం నష్టంలో ఉన్న సంగతి ఏళ్ల తరబడి కనబడకుండా పోతుంది.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోనే ముల్కనూరు సహకార సంఘం వేరొక మార్గం చూపింది. అల్గిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో 1956లో 14 గ్రామాలకు ఏర్పడిన ఆ సంఘం, రైతుకు అప్పివ్వడాన్నీ అతని పంట అమ్మిపెట్టడాన్నీ ఒకే చోట జోడించినందున, బాకీ వసూలు పంట అమ్మకంతోనే ముగుస్తుంది. 2000లో పాల సేకరణ మొదలుపెట్టిన ముల్కనూరు మహిళా డెయిరీ, ప్రభుత్వ వాటాధనంపై ఆధారపడకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకోవడానికి వీలిచ్చిన 1995 చట్టపు దారిలో నడిచింది. రెండు చోట్లా సరుకు తెచ్చేవారే సభ్యులు గనుక, నష్టం ఎక్కడిదని సర్వసభ్య సమావేశంలో నిలదీసే హక్కు వారికి ఉంది.

ఖాదీ సంస్థలు సాధారణంగా సొసైటీలుగానో ట్రస్టులుగానో నమోదైనవి కావడంతో, వడికేవారు, నేసేవారు కూలి అందుకునేవారిగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. నిర్వాహకవర్గంలో వారి ప్రతినిధులకు చోటిచ్చి, నిల్వ, అప్పు, కూలి బకాయి లెక్కలను తెలుగులో చదివి వినిపించి, ఏడాదికొకసారి తానులను లెక్కించే పనిని అమ్మేవారికి కాక వారికే అప్పగించడం ఏ చట్టసవరణా అవసరం లేకుండా, నిర్వాహకవర్గం పూనుకుంటే వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచే మొదలుపెట్టగల మార్పు.